గది ఉష్ణోగ్రతలో లూప్ ఇచ్చిన పాలీథయోఫిన్: అయస్కాంతత్వం పాలిమర్‌దా, మిగిలిపోయిన ఇనుముదా?

ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. 3-హెక్సైల్‌థయోఫిన్ పాలిమర్‌ను (పీ3హెచ్‌టీ) రెండు దారుల్లో చేశారు. ఒకటి ఫెర్రిక్ క్లోరైడ్‌తో, రెండోది నికెల్ ఉత్ప్రేరకంతో గ్రిమ్ పద్ధతిలో (గ్రిన్యార్ రసాయనంతో గొలుసు పెంచేది). మొదటి బ్యాచ్ స్క్విడ్‌లో (అతి సూక్ష్మ అయస్కాంతత్వాన్ని కొలిచే పరికరం) 300 కెల్విన్ దగ్గర హిస్టెరిసిస్ లూప్ (క్షేత్రం తీసేసినా కొంత అయస్కాంతత్వం మిగిలే వక్రం) ఇచ్చింది: సంతృప్త అయస్కాంతీకరణ (క్షేత్రం ఎంత పెంచినా ఇక పెరగని విలువ) 0.004 ఈఎంయూ/గ్రాము (ఈఎంయూ అయస్కాంత మొమెంట్ ప్రమాణం), కోయర్సివిటీ (దాన్ని సున్నా చేయడానికి కావలసిన ఎదురు క్షేత్రం) 90 ఓర్‌స్టెడ్. రెండోది దాదాపు శుద్ధ డయా అయస్కాంతం (క్షేత్రాన్ని బలహీనంగా వికర్షించేది), శుభ్రం చేశాక ఒక చిన్న లూప్ మాత్రం చూపింది. మొదటిదానిలో రీజియోరెగ్యులారిటీ (వలయాలన్నీ తల-తోకగా ఒకే వరసలో అతుక్కునే క్రమబద్ధత) తక్కువ కాబట్టి "గొలుసులోని నిర్మాణ లోపాలే స్పిన్‌లకు మూలం, అందువల్ల సేంద్రియ ఫెర్రో అయస్కాంతత్వం" అని పేపర్‌లో రాయవచ్చా?

ఇప్పుడున్న ఆధారాలతో రాయకండి. కారణం కాగితం మీద లెక్క వేస్తేనే బయటపడుతుంది.

మాగ్నెటైట్ సంతృప్త అయస్కాంతీకరణ గది ఉష్ణోగ్రతలో సుమారు 92 ఈఎంయూ/గ్రాము, లోహపు ఇనుముది సుమారు 218, నికెల్‌ది సుమారు 55. మీ 0.004ను 92తో భాగిస్తే గ్రాముకు 43 మైక్రోగ్రాముల మాగ్నెటైట్ వస్తుంది, అంటే 31 పీపీఎం (పది లక్షల భాగాల్లో 31) ఇనుము. అదే లోహపు ఇనుమైతే 18 పీపీఎం చాలు. నమూనా 25 మిల్లీగ్రాములు అనుకుంటే మీరు కొలిచిన మొత్తం మొమెంట్ 10⁻⁴ ఈఎంయూ. దానికి అర మైక్రోగ్రాము ఇనుము సరిపోతుంది, సుమారు 50 మైక్రాన్ల వ్యాసం ఉన్న ఒక్క రజను. వెంట్రుక మందం కూడా ఉండదు. స్టీల్ స్పాచులాతో సీసా గోడ గీకితే ఇంతకంటే ఎక్కువే రాలవచ్చు.

ఇక అదే 0.004ను పాలిమర్ ఖాతాలో వేసి చూడండి. ఒక మోల్ స్పిన్-½ రాడికల్స్ (జత లేని ఎలక్ట్రాన్ ఉన్నవి) పూర్తిగా ఒకే దిశకు తిరిగితే 5585 ఈఎంయూ. కాబట్టి మీకు కావలసింది గ్రాముకు 7.2 × 10⁻⁷ మోల్ స్పిన్‌లు. ఒక గ్రాము పాలిమర్‌లో థయోఫిన్ వలయాలు 6 × 10⁻³ మోల్. అంటే ఎనిమిది వేల పైచిలుకు వలయాలకు ఒక స్పిన్. సాంద్రత 1.1 అనుకుంటే పక్కపక్క స్పిన్‌ల మధ్య సగటు దూరం 13 నానోమీటర్లు. అంత దూరంలో ఉన్న రెండు స్పిన్‌లు 300 కెల్విన్ ఉష్ణ కదలికను తట్టుకుని ఒకే దిశలో నిలబడాలంటే వాటి మధ్య ఎక్స్చేంజ్ (స్పిన్‌లను ఒకే దిశకు కట్టిపడేసే బంధం) ఎంత బలంగా ఉండాలి? పీ3హెచ్‌టీలో అలాంటి యంత్రాంగమేదీ లేదు. ఇనుము వైపు లెక్క సులభంగా కుదురుతోంది, పాలిమర్ వైపు కుదరడం లేదు. కాబట్టి "ఇది ఇనుము కాదు" అని నిరూపించే బాధ్యత మీ మీదే ఉంటుంది.

నిర్మాణం గురించి మీ వాదన మొదటి సగం నిజమే. ఫెర్రిక్ క్లోరైడ్ దారిలో తల-తోక అనుసంధానం సాధారణంగా 70–80 శాతం దగ్గర ఆగుతుంది, గ్రిమ్‌లో 95 దాటుతుంది. ప్రోటాన్ ఎన్‌ఎంఆర్‌లో వలయానికి ఆనుకున్న మిథిలీన్ శిఖరాలు 2.80 పీపీఎం (తల-తోక), 2.58 పీపీఎం (తల-తల) దగ్గర వస్తాయి (ఇక్కడ పీపీఎం ఎన్‌ఎంఆర్ కొలబద్ద, మలినం మోతాదు కాదు). వాటి సమగ్రాల నిష్పత్తి ఆ శాతాన్ని నేరుగా ఇస్తుంది. తల-తల జంట ఉన్నచోట రెండు హెక్సైల్ గొలుసులు ఒకదాన్నొకటి నెట్టుకుని వలయాలు తలం తప్పి తిరుగుతాయి, సంయుగ్మత (ఒకటి విడిచి ఒకటి వచ్చే ద్విబంధాల వరుస) తెగుతుంది. అందుకే క్లోరోఫాంలో శోషణ గరిష్ఠం 450 నానోమీటర్ల నుంచి 436 వైపు జరుగుతుంది, ఫిల్మ్‌లో 605 దగ్గరి భుజం మసకబారుతుంది, ఎక్స్-రేలో 5.4 డిగ్రీల దగ్గరి పొరల శిఖరం (సుమారు 1.6 నానోమీటర్లు) బలహీనపడుతుంది. కానీ వలయం తిరిగినంత మాత్రాన జత తెగిన ఎలక్ట్రాన్ పుట్టదు. తల-తల లోపం అన్ని ఎలక్ట్రాన్లూ జతగా ఉన్న నిర్మాణమే. "లోపం అంటే స్పిన్" అనే సమీకరణం ఇక్కడ చెల్లదు.

పాలీఅసిటిలీన్‌లో పరిస్థితి వేరు, ఈ తికమక బహుశా అక్కడి నుంచే వస్తుంది. టైటానియం బ్యూటాక్సైడ్, ట్రైఇథైల్ అల్యూమినియం జంటతో తక్కువ ఉష్ణోగ్రతలో చేసిన సిస్ రూపంలో స్పిన్‌లు దాదాపు ఉండవు. దాన్ని వేడిచేసి ట్రాన్స్‌గా మారిస్తే రెండు సమాన శక్తి అమరికలు కలిసే చోట సాలిటాన్ (జత లేని ఎలక్ట్రాన్ ఉన్న అతుకు) మిగులుతుంది. దాని జీ విలువ (స్పిన్ ఎవరిదో చెప్పే ఆనవాలు అంకె) 2.0026, సంఖ్య సుమారు 3000 కార్బన్లకు ఒకటి. అక్కడ నిర్మాణానికీ స్పిన్‌కూ నేరుగా లంకె ఉంది. రోడియం ఉత్ప్రేరకంతో చేసే పాలీఫినైల్‌అసిటిలీన్‌లోనూ అంతే: నూరినా, గట్టిగా నొక్కినా సిస్ బంధాలు తిరిగి రాడికల్స్ పుట్టవచ్చు, కాబట్టి దాన్ని పెల్లెట్ చేసి కొలవకూడదు. పాలీథయోఫిన్‌లో రెండు అమరికలు (అరోమాటిక్, క్వినాయిడ్) సమాన శక్తివి కావు, అందుకని సాలిటాన్‌కు చోటు లేదు. అక్కడ స్పిన్ ఇచ్చేది పోలరాన్ (గొలుసు మీద ఆవేశంతో పాటు స్పిన్ మోసే ముక్క), అదీ డోపింగ్ (ఆక్సీకరణతో గొలుసుకు ఆవేశం ఎక్కించడం) జరిగితేనే. డోపింగ్ పెరిగేకొద్దీ పోలరాన్లు జతకట్టి స్పిన్ లేని రూపంలోకి పోతాయి. పైగా ఈ పోలరాన్లన్నీ పారా అయస్కాంతాలే (క్షేత్రం తీస్తే అయస్కాంతత్వం పోయేవి), లూప్ ఇవ్వవు.

ఇక ఇనుము ఎక్కడ దాక్కుంటుందో చూద్దాం. ఫెర్రిక్ క్లోరైడ్‌ను ఉత్ప్రేరకం అనడం అలవాటైంది గానీ, ఒక భాగం మోనోమర్‌కు నాలుగు భాగాలు వేసేదాన్ని ఆక్సీకరణి అనడమే న్యాయం. 10 మిల్లీమోల్ మోనోమర్‌కు (1.68 గ్రాములు) 6.49 గ్రాముల అనార్ద్ర ఫెర్రిక్ క్లోరైడ్, 100 మిల్లీలీటర్ల క్లోరోఫాం. ఇందులో ఇనుము 2.23 గ్రాములు, రాగల పాలిమర్ గరిష్ఠంగా 1.66 గ్రాములు. 10 పీపీఎంకు దింపాలంటే వేసిన ఇనుములో 99.9993 శాతం బయటికి పోవాలి. గ్రిమ్‌లో 0.5 మోల్ శాతం నికెల్ డీపీపీపీ డైక్లోరైడ్ అంటే 27 మిల్లీగ్రాములు, అందులో నికెల్ 2.9 మిల్లీగ్రాములే. ఏమీ కడగకపోయినా 1,770 పీపీఎం దాటదు. మీ రెండు బ్యాచ్‌ల మధ్య తేడా రీజియోరెగ్యులారిటీది మాత్రమే కాదు, మొదట్లో వేసిన లోహం 760 రెట్లు తేడా. రెండూ ఒకేసారి మారినప్పుడు ఫలితాన్ని ఒకదాని ఖాతాలోనే వేయలేం.

చాలా ల్యాబుల్లో జరిగే అసలు పొరపాటు అమోనియా. డోప్ అయిన నల్లటి పొడిని డీడోప్ చేయడానికి నేరుగా గాఢ అమోనియాతో కలుపుతారు. కానీ పాలిమరీకరణలో ఫెర్రిక్ క్లోరైడ్ క్షయకరణం చెంది ఫెర్రస్ అవుతుంది, కాబట్టి పొడిలో రెండు రకాల ఇనుమూ ఉంటాయి. ఫెర్రస్, ఫెర్రిక్ లవణాల మిశ్రమానికి అమోనియా కలపడం మాగ్నెటైట్ నానోకణాలు చేసే పాఠ్యపుస్తక పద్ధతి! కడుగుతున్నామనుకుంటూ పాలిమర్ గొలుసుల మధ్యే అయస్కాంతం తయారు చేస్తున్నామన్నమాట. ఒకసారి ఆక్సైడ్‌గా అవక్షేపమైతే మెథనాల్ సాక్స్‌లెట్ (వేడి ద్రావణితో పదే పదే కడిగే పరికరం) ఎన్ని రోజులు నడిపినా కదలదు. మీ విధానంలో "అమోనియాతో 12 గంటలు" అనే వాక్యం ఉంది. నా అనుమానం ముందు అక్కడికే పోతుంది. 90 ఓర్‌స్టెడ్ కోయర్సివిటీ కూడా మాగ్నెటైట్ పొడికి వింతేమీ కాదు.

క్రమం తిరగేయండి: ముందు ఇనుము తీయాలి, తర్వాతే క్షారం. వడకట్టిన పొడిని 1 శాతం హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలిపిన మెథనాల్‌తో, వడపోత రంగులేకుండా వచ్చేదాకా కడగండి. పసుపు రంగు ఆగిందంటే ఇనుము అయిపోయినట్టు కాదు, కంటికి కనబడేది అయిపోయినట్టు. తర్వాత మెథనాల్ సాక్స్‌లెట్ 24–48 గంటలు. ఈ దశలోనే చాలావరకు డీడోప్ అయి నలుపు నుంచి ముదురు ఎరుపుకు వస్తుంది. అప్పుడు క్లోరోఫాంలో మిల్లీలీటరుకు 5 మిల్లీగ్రాముల చొప్పున కరిగించి, సమాన ఘనపరిమాణం 1 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో మూడుసార్లు, నీటితో రెండుసార్లు కడగండి. ఆ తర్వాత 0.05 మోలార్ డైసోడియం ఈడీటీఏ (లోహ అయాన్లను పట్టుకునే పదార్థం) ద్రావణాన్ని పీహెచ్ 5 దగ్గర ఉంచి, 40–45 డిగ్రీల దగ్గర రాత్రంతా నెమ్మదిగా కలపండి. వేగంగా కలిపితే ఎమల్షన్ అయి పొరలు విడిపోవు. వేడి పెంచితే క్లోరోఫాం మరుగుతుంది (61 డిగ్రీలు). నైట్రోజన్ కింద, వెలుతురు తగలకుండా చేయండి. కాంతి, గాలి కలిస్తే పీ3హెచ్‌టీ ఆక్సీకరణ చెంది రంగు వెలిసిపోతుంది. చివరగా 0.2 మైక్రాన్ పీటీఎఫ్ఈ ఫిల్టర్ గుండా పంపి మెథనాల్‌లో అవక్షేపించండి. ఇంకా డోపింగ్ మిగిలితే టెట్రాహైడ్రోఫ్యూరాన్ ద్రావణంలో కొన్ని చుక్కల హైడ్రజీన్ హైడ్రేట్ చాలు. ఇది విషం, ఫ్యూమ్ హుడ్ తప్పనిసరి.

నికెల్ బ్యాచ్‌కు మాత్రం హైడ్రజీన్ వాడకండి. క్షారంలో, వేడిలో అది నికెల్ అయాన్లను లోహ నికెల్‌గా దించుతుంది. అదీ ఫెర్రో అయస్కాంతమే. గ్రిమ్‌లో చర్య ఆపేటప్పుడు 5 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని ఒక్కసారిగా పోయడం మేలు. నికెల్ నీటిలోకి పోతుంది, గొలుసు చివరలు కూడా శుభ్రంగా హైడ్రోజన్/బ్రోమిన్‌గా ముగుస్తాయి. నీళ్లతో నెమ్మదిగా ఆపితే రెండు గొలుసులు చివరల దగ్గర అతుక్కుని జీపీసీలో (గొలుసులను పరిమాణం బట్టి వేరుచేసే పద్ధతి) రెట్టింపు అణుభారం దగ్గర రెండో శిఖరం కనబడుతుంది.

ఇంకో చిన్న సంగతి, క్లోరోఫాం సీసా లేబుల్ చూడండి. ఇథనాల్ స్థిరీకారిగా ఉన్న రకమైతే అది ఫెర్రిక్ క్లోరైడ్‌తో జతకట్టి చర్యను నీరసపరుస్తుంది. అమిలీన్ రకం తీసుకోండి, లేదా అల్యూమినా కాలమ్ గుండా పంపండి.

లోహం ఎంత మిగిలిందో తేల్చేది ఐసీపీ (నమూనాను ప్లాస్మాలోకి పంపి మూలకాలను లెక్కించే పద్ధతి). ఈడీఎక్స్‌లో (ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌తో చేసే ఎక్స్-రే విశ్లేషణ) ఇనుము కనబడలేదని రాస్తే సమీక్షకులు ఊరుకోరు, ఊరుకోకూడదు కూడా. దాని గుర్తింపు హద్దు 0.1 శాతం దగ్గర, అంటే 1000 పీపీఎం. మీ సమస్య 31 పీపీఎం దగ్గర. 20 మిల్లీగ్రాముల పాలిమర్‌ను వాక్యూంలో పూర్తిగా ఆరబెట్టండి. మెథనాల్ తడి ఉన్న నమూనా మీద నైట్రిక్ ఆమ్లం పోయడం ప్రమాదం. 69 శాతం నైట్రిక్ ఆమ్లం 7 మిల్లీలీటర్లు, హైడ్రోజన్ పెరాక్సైడ్ 1 మిల్లీలీటరు వేసి మైక్రోవేవ్ పాత్రలో 200 డిగ్రీల దగ్గర జీర్ణం చేసి 25 మిల్లీలీటర్లకు పలచబరచండి. పరికరం లీటరుకు 10 మైక్రోగ్రాములు చూపితే పాలిమర్‌లో 12.5 పీపీఎం ఉన్నట్టు. ఐసీపీ-ఎంఎస్‌లో (అయాన్ల ద్రవ్యరాశి కొలిచే రకం) ఇనుము-56 మీద ఆర్గాన్ ఆక్సైడ్ అయాన్ సరిగ్గా అదే ద్రవ్యరాశితో కూర్చుంటుంది. కొలిజన్ సెల్ (అడ్డువచ్చే అయాన్లను తొలగించే గది) లేకుండా తీసిన అంకెను నమ్మకండి, లేదా ఐసీపీ-ఓఈఎస్‌లో (కాంతి రేఖలు చూసే రకం) 238.2 లేదా 259.9 నానోమీటర్ల రేఖ చూడండి. నికెల్‌కు 58 కాకుండా 60 వాడండి, 58 దగ్గర ఇనుము ఐసోటోప్ అడ్డు వస్తుంది. పాలిమర్ లేని ఖాళీ పాత్రను కూడా అదే విధంగా నడిపి ఆ అంకెను తీసేయాలి.

ఐసీపీ మొత్తం ఇనుము చెబుతుంది గానీ అది ఏ రూపంలో ఉందో చెప్పదు. ఆ పని స్క్విడ్, ఈపీఆర్‌లది (ఈపీఆర్ జత లేని ఎలక్ట్రాన్లను మైక్రోవేవ్‌తో పట్టే పద్ధతి).

స్క్విడ్‌కు నమూనాను సిరామిక్ లేదా ప్లాస్టిక్ పనిముట్లతోనే తీయండి. గీతలు పడ్డ పాత స్టిరర్ బిళ్లలు కూడా పక్కన పెట్టండి, పీటీఎఫ్ఈ పూత చిల్లుల్లో పాత చర్యల లోహం దాక్కుంటుంది. జిలాటిన్ క్యాప్సూల్‌ను, స్ట్రాను ఖాళీగా ఒకసారి కొలిచి పెట్టుకోండి. క్యాప్సూల్ మీద పెన్నుతో గుర్తులు పెట్టకండి, కొన్ని సిరాల్లో ఐరన్ ఆక్సైడే రంగు. పొడిలో గాలి చిక్కుకుంటే 45–55 కెల్విన్ మధ్య ఒక గుబ్బ కనబడుతుంది. అది ఘనీభవించిన ఆక్సిజన్, కొత్త ఫేజ్ మార్పు కాదు. ఛాంబర్‌ను హీలియంతో పలుమార్లు నింపి ఖాళీ చేస్తే పోతుంది.

తర్వాత అసలు డయా అయస్కాంతత్వం సరిపోయిందో లేదో చూడండి. పాస్కల్ స్థిరాంకాలతో (ఒక్కో పరమాణువు డయా అయస్కాంత వాటా ఇచ్చే పట్టిక అంకెలు) ఒక వలయ యూనిట్‌కు (హెక్సైల్‌తో కలిపి) సుమారు −123 × 10⁻⁶ ఈఎంయూ/మోల్ వస్తుంది, గ్రాముకు −0.74 × 10⁻⁶. ఎక్కువ క్షేత్రంలో మీ రేఖ వాలు దీనికి దగ్గరగా రాకపోతే నమూనా బరువో, ఖాళీ క్యాప్సూల్ తీసివేతో తప్పు. 1–5 టెస్లా మధ్య ససెప్టిబిలిటీని (అయస్కాంతీకరణను క్షేత్రంతో భాగిస్తే వచ్చేది) 1/క్షేత్రానికి ఎదురుగా గీసి సున్నాకు పొడిగించండి. ఫెర్రో మలినం వాటా రేఖ వాలులోకి పోతుంది, పాలిమర్ సొంత విలువ అంతరఖండంలో మిగులుతుంది. పాతకాలపు హోండా-ఓవెన్ గ్రాఫ్ ఇదే, ఇప్పటికీ దీన్ని మించినది లేదు.

2 కెల్విన్ దగ్గర వక్రం ఆకారం ఇంకా ఎక్కువ చెబుతుంది. 1 టెస్లా దగ్గర స్పిన్-½ రాడికల్స్ తమ సంతృప్త విలువలో 32 శాతానికి చేరతాయి, ఫెర్రిక్ అయాన్ (స్పిన్ 5/2) 63 శాతానికి. బ్రిల్వాన్ ఫలనాన్ని (స్పిన్‌ను బట్టి వక్రం ఆకారం ఇచ్చే సూత్రం) మీ బిందువుల మీద అమర్చితే స్పిన్ ఎవరిదో తెలిసిపోతుంది. 5/2 వస్తే పోలరాన్ కథ అక్కడితో ముగిసినట్టే. సంతృప్త అయస్కాంతీకరణ 2 నుంచి 300 కెల్విన్ దాకా పెద్దగా తగ్గకపోతే అది ఆక్సైడ్ లేదా లోహ కణాల లక్షణం. 120 కెల్విన్ దగ్గర మెలిక (వెర్వే మార్పు) కనబడితే మాగ్నెటైట్ పట్టుబడినట్టే. కనబడకపోతే మాత్రం నిర్దోషి అని తీర్పివ్వకండి: చిన్న కణాల్లో ఆ మెలిక చెదిరిపోతుంది, గాలికి మాగ్హెమైట్‌గా (మరో ఐరన్ ఆక్సైడ్) మారితే అసలుండదు.

స్క్విడ్‌లోని సూపర్‌కండక్టింగ్ అయస్కాంతం 7 టెస్లా నుంచి దిగినప్పుడు సున్నా దగ్గర పదుల ఓర్‌స్టెడ్ క్షేత్రం చిక్కుకుని ఉంటుంది, అదీ వ్యతిరేక దిశలో. డయా అయస్కాంత నమూనాకు ఇది చూడముచ్చటైన చిన్న లూప్‌ను కల్పిస్తుంది! 20 ఓర్‌స్టెడ్ అయితే దాని పరిమాణం 1.5 × 10⁻⁵ ఈఎంయూ/గ్రాము. మీ 0.004కు ఇది కారణం కాదు. కానీ శుభ్రం చేశాక రెండో బ్యాచ్‌లో "చిన్న లూప్" అని చూపించినది ఈ పరిధిలోనే ఉంది. పల్లాడియం ప్రమాణంతో క్షేత్రాన్ని సరిచేసి మళ్లీ గీయండి.

ఈపీఆర్‌లో పోలరాన్ జీ 2.002–2.003 దగ్గర కొన్ని గాస్‌ల వెడల్పుతో సన్నగా వస్తుంది. విడి ఫెర్రిక్ అయాన్ 4.3 దగ్గర, ఆక్సైడ్ కణాలు వందల గాస్‌ల వెడల్పుతో పరచుకుని కనబడతాయి. సన్న గీతను ముద్దుగా చూపించి వెనక ఉన్న వెడల్పాటి గుట్టను బేస్‌లైన్ అని తీసేసిన గ్రాఫ్‌లు చాలా తిరుగుతుంటాయి. 0 నుంచి 6000 గాస్ దాకా పూర్తిగా స్వీప్ చేయండి. స్పిన్‌ల సంఖ్యకు డీపీపీహెచ్ అనే స్థిరమైన రాడికల్‌ను ప్రమాణంగా వాడండి (1 మిల్లీగ్రాముకు 1.5 × 10¹⁸ స్పిన్‌లు), మాడ్యులేషన్ గీత వెడల్పులో మూడో వంతు మించనివ్వకండి. ఈపీఆర్ సన్న గీత ఇచ్చిన స్పిన్‌ల లెక్క స్క్విడ్ క్యూరీ స్థిరాంకంతో (ఉష్ణోగ్రతతో పారా అయస్కాంతత్వం తగ్గే తీరు నుంచి వచ్చే అంకె) కలిస్తే ఆ భాగం నిజంగా పాలిమర్‌ది.

నియంత్రణ ప్రయోగం ఒకటి తప్పక చేయండి, ఖర్చు ఏమీ లేదు. మామూలు పాలీస్టైరీన్‌ను క్లోరోఫాంలో కరిగించి, అదే పరిమాణంలో ఫెర్రిక్ క్లోరైడ్, కొంచెం ఫెర్రస్ క్లోరైడ్ కలిపి, మీ పాత అమోనియా విధానంతోనే కడిగి కొలవండి. సంయుగ్మత లేని ఆ పాలిమర్ కూడా లూప్ ఇస్తే ఇక చర్చ అనవసరం. ఒకే బ్యాచ్ నుంచి నాలుగు చోట్ల తీసిన నమూనాల అంకెలు ఒకదానికొకటి పొంతన లేకుండా ఉంటే అది రజను. అన్నీ కలిసినా పాలిమర్‌దని కాదు, కణాలు సమంగా చెదిరి ఉండవచ్చు.

ఈ జాగ్రత్త అతి అనిపిస్తే 2001లో నేచర్‌లో వచ్చిన "అయస్కాంత కార్బన్" సంగతి చూడండి. పాలిమరీకరించిన ఫుల్లరీన్ గది ఉష్ణోగ్రత మించి ఫెర్రో అయస్కాంతమన్న ఆ పేపర్‌ను, నమూనాల్లో ఇనుము మొదట చెప్పినదానికంటే ఎక్కువని తేలాక 2006లో ఉపసంహరించారు. అదే 2001లో సైన్స్‌లో రాజ్కా బృందం చూపిన సంయుగ్మ పాలిమర్ అయస్కాంత క్రమం నిలబడింది. వాళ్లు పల్లాడియం ఉత్ప్రేరకంతో గొలుసును కట్టి, చివరి దశలో రాడికల్ కేంద్రాలను దట్టంగా పుట్టించారు. స్పిన్‌లను ఒకే దిశకు తిప్పే మెటా-ఫినిలీన్ వంతెనలు వాటి మధ్య ఉన్నాయి. అంత పకడ్బందీగా చేసినా క్రమం వచ్చింది 10 కెల్విన్‌కు దిగువనే. మీ గొలుసులో ఎనిమిది వేల వలయాలకు ఒక స్పిన్, వంతెనలన్నీ 2,5 స్థానాల్లో, ఉష్ణోగ్రత 300.

ప్రస్తుతం పేపర్‌లో నిలబడేది ఇంత: రెండు బ్యాచ్‌ల రీజియోరెగ్యులారిటీ, శోషణ, ఎక్స్-రే తేడాలు, ఐసీపీ అంకెలు, ఈపీఆర్ సన్న గీత నుంచి పోలరాన్ల సంఖ్య, హోండా-ఓవెన్‌తో తీసిన డయా అయస్కాంత విలువ. కొత్త క్రమంలో కడిగాక మొదటి బ్యాచ్ ఎన్‌ఎంఆర్ మారకుండా లూప్ మాత్రం కుంచించుకుపోతే, ఇనుము పీపీఎంకు ఎదురుగా సంతృప్త అయస్కాంతీకరణను గీసి ఆ గ్రాఫ్ కూడా పెట్టండి. ఆ రేఖ వాలు ఒక గ్రాము ఇనుముకు 127 ఈఎంయూ దగ్గరగా వస్తే (మాగ్నెటైట్‌లో ఇనుము 72.4 శాతం, 92ను దానితో భాగిస్తే వచ్చేది అదే) లూప్ ఎవరిదో ఆ గ్రాఫే చెబుతుంది.